చట్టం మారబోతోందన్న వేళ ఆసుపత్రి పాలకమండలి: అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల్లో ట్రస్టులు నడిపే ఆసుపత్రుల పాలకమండళ్లకు అజెండాలు, తీర్మానాలు సిద్ధం చేసి ఇవ్వడం నా వృత్తి. చట్టం మారుతుందన్న మాట వినిపించినప్పుడల్లా సభ్యులు నన్ను అడిగే ప్రశ్నల్లో ఈ అపోహలే ఎదురవుతుంటాయి.

అపోహ: తెలుగు పత్రికలో వచ్చింది కాబట్టి మనకూ వర్తిస్తుంది.

వాస్తవం: సిరొంచ, రాజురా, ధర్మాబాద్‌లలో మనవాళ్లు చదివే తెలుగు పత్రికల్లో ఎక్కువగా ఉండేవి తెలంగాణ వార్తలు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలోని అంశాలు కనుక ప్రాణహిత నది అవతల తెలంగాణలో ఉన్న నిబంధన ఇవతల మహారాష్ట్రలో చెల్లదు. కేంద్రం 2010లో చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం సైతం రాజ్యాంగం 252వ అధికరణ కింద వచ్చింది కాబట్టి, రాష్ట్రాల విషయంలో దాన్ని కోరిన లేదా స్వీకరించిన చోటనే అమలవుతుంది. మహారాష్ట్రలో నర్సింగ్ హోముల రిజిస్ట్రేషన్‌కు ఆధారం 1949 నాటి చట్టం. దాని నియమాలను 2021లో సవరించారు.

అపోహ: బిల్లు ఉభయ సభల్లో నెగ్గితే అమల్లోకి వచ్చినట్టే.

వాస్తవం: గవర్నరు ఆమోదం, రాజపత్రంలో (గెజెట్‌లో) ప్రచురణ, చాలా చట్టాల విషయంలో ప్రభుత్వం విడిగా ప్రకటించే అమలు తేదీ, ఆపైన నియమావళి ఇంకా మిగిలే ఉంటాయి. అందుకే అజెండా మొదటి పేజీలోనే ఈ దశలకు గడులు గీసి, రాజపత్రం సంఖ్య, తేదీ చేతికందితేనే నింపుతాను.

అపోహ: ఎలాగూ మారేదే కదా, పాత పని ఆపవచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే. ఒక తాలూకా ఆసుపత్రిలో ధర్మకర్త ఒకరు కాలం చేస్తే, ట్రస్టుల చట్టం మారుతుందట అని, ధర్మకర్తల్లో వచ్చిన మార్పును తెలిపే చేంజ్ రిపోర్టును ఛారిటీ కమిషనర్ కార్యాలయంలో వేయకుండా ఊరుకున్నారు. మహారాష్ట్రలో అమల్లో ఉన్న 1950 నాటి ట్రస్టుల చట్టం 22వ సెక్షన్ ప్రకారం దానికి గడువు 90 రోజులు. గడువు దాటాక మినిట్స్ పుస్తకం తెరిస్తే ఉన్నది ఒక్క వాక్యమే: "కొత్త చట్టం వచ్చాక చూద్దాం." ఎవరు చూడాలో, ఎప్పటిలోగా చూడాలో ఎక్కడా లేదు. ఆలస్యాన్ని మన్నించమని ఆ కార్యాలయానికి విడిగా అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. పడకల విషయమూ అంతే: అదే చట్టం 41ఏఏ సెక్షన్ పరిధిలోని ఆసుపత్రులు నిరుపేదలకు 10 శాతం, ఆర్థికంగా బలహీన వర్గాలకు మరో 10 శాతం పడకలు కేటాయించాలి. చట్టం మారుతుందన్న చర్చల పేరుతో వీటిలో ఒక్క పడకను కూడా తగ్గించడానికి నేను ఒప్పుకోను.

అపోహ: కొత్త చట్టంతో పాత రిజిస్ట్రేషన్లన్నీ రద్దవుతాయి.

వాస్తవం: సాధారణంగా చట్టం చివర, పాత చట్టాన్ని రద్దు చేస్తూనే దాని కింద జరిగినవాటిలో ఏవి చెల్లుబాటవుతాయో చెప్పే రద్దు, మినహాయింపుల సెక్షన్ ఉంటుంది. ముందు దాన్నే చదవాలి.

ఇప్పుడు నేను రాసి ఇచ్చే తీర్మానం ఇలా ఉంటుంది: "ప్రస్తుత చట్టం ప్రకారమే పనులు కొనసాగించాలి. అమలు తేదీ రాజపత్రంలో వెలువడిన తరువాత జరిగే మొదటి సమావేశంలో ఈ అంశాన్ని తిరిగి చేపట్టాలి. ఇందుకు కార్యదర్శి బాధ్యత వహిస్తారు."