పాత క్యారవాన్ వ్యానుకి షాక్ అబ్జార్బర్లు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు హైవే పక్కన షెడ్డులో ఇరవై రెండేళ్లుగా కమాన్ కట్టలు (ఇరుసు మీద ఉండే, ఇనప పట్టీలు పేర్చిన స్ప్రింగులు), షాక్ అబ్జార్బర్ల పని చేస్తున్నాను. ఒకప్పుడు నా దగ్గరికి చీమకుర్తి గ్రానైట్ లారీలూ స్కూలు బస్సులే వచ్చేవి. ఈమధ్య పాత టెంపో ట్రావెలర్ కొని, లోపల మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకుని ఊళ్లు తిరిగేవాళ్లు కూడా వస్తున్నారు. కొన్నిటి మీద ఇంకా బజాజ్ టెంపో అనే పేరుంటుంది. ఆ కంపెనీ 2005లోనే ఫోర్స్ మోటార్స్ అయింది కాబట్టి బండికి ఇరవై ఏళ్లు దాటినట్టే. అలాంటి బండికి ఎవరో చెప్పారని షాకులు కొనేసి డబ్బు పోగొట్టుకుంటున్నారు. చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

అపోహ: వెనక కుంగిన బండికి గట్టి షాకులు వేస్తే లేస్తుంది.

లేవదు. బరువు మోసేది కమాన్ కట్ట. ఆ కట్ట ఊగుతూనే ఉండకుండా పట్టి ఆపేది షాక్. లోపల పిస్టన్ సన్నటి దారుల్లోంచి ఆయిల్‌ని నెడుతుంది, ఊపు వేడిగా మారి పోతుంది. దాని పని అంతవరకే. గ్యాస్ షాక్‌లో ఉన్న నైట్రోజన్ కూడా ఆయిల్ నురగ కట్టకుండా ఉండటానికే గానీ, బండిని లేపడానికి కాదు.

కావలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. "అబ్బాయ్, మూడు నెలల క్రితం గట్టివి వేయించాను. వెనక అట్టానే కూర్చునుంది, పైగా నడుము విరిగిపోతోంది" అన్నారు.

"ముందు ధర్మకాటాకి పోదాం మాస్టారూ. ట్యాంకు నింపుకుని, అమ్మగారిని కూడా ఎక్కించుకుని రండి" అన్నాను.

ముందు ఇరుసు విడిగా, వెనక ఇరుసు విడిగా తూచాం. బరువంతా వెనకే పడుతోంది. నూరు లీటర్ల నీళ్లంటే నూరు కిలోలు. ఇన్వర్టర్ బ్యాటరీ యాభై కిలోల పైమాటే. రెండూ కుడివైపు, వెనక చక్రం అవతల పెట్టారు. ప్యాసింజర్ వ్యానులో జనం దిగిపోతే కట్టకి విశ్రాంతి దొరుకుతుంది. క్యారవాన్‌లో సామాను రాత్రీపగలూ దిగదు, కట్ట సాగిపోతుంది. బ్యాటరీని ఎడమవైపు ముందుకి జరిపించి, కట్టలకి మళ్లీ వంపు పట్టించాక బండి నిలబడింది. షాకుల సంగతి ఆ తర్వాతే చూశాం.

అపోహ: అడ్జస్ట్ చేసే షాక్ అయితే ఆఖరి దాకా గట్టిగా తిప్పాలి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. కోనీ అనే కంపెనీ వాళ్ల పాత రకం షాకుల్లాంటివి బండి నుంచి విప్పి, పూర్తిగా లోపలికి నొక్కి తిప్పాలి. దానివల్ల మారేది రీబౌండ్ ఒక్కటే, అంటే నొక్కుకున్న కట్ట తిరిగి తెరుచుకునే వేగం. మరీ బిగిస్తే ఒక గుంత దాటాక కట్ట తెరుచుకునేలోపే ఇంకో గుంత వస్తుంది. బండి మెట్టు మెట్టుగా కిందికి దిగి చివరికి జంప్ రబ్బరు మీద, అంటే ఇరుసు పైకి వచ్చి ఛాసిస్‌కి తగలకుండా పెట్టే రబ్బరు దిమ్మ మీద కొట్టుకుంటుంది. నడుము విరిగేది అప్పుడే. అది చూసి షాక్ చాలలేదనుకుని ఇంకా బిగిస్తారు!

నేను చేసే పద్ధతి చెబుతాను. మొదట టైర్లలో గాలి, కాటాలో తేలిన బరువుకి తగ్గట్టు పెడతాను. షాక్ పూర్తి మెత్తదనం నుంచి మొదలుపెట్టి, ఒక ఇరుసుకున్న రెండిటినీ సమానంగా అర చుట్టు తిప్పి, ప్రతిసారీ అదే రోడ్డు మీద నడుపుతాను. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం ఒకసారి లేచి కుదురుకుంటే చాలు. రెండు మూడు సార్లు ఊగితే ఇంకో అర చుట్టు. వరుసగా చిన్న బ్రేకర్లు ఉన్నచోట దడదడలాడుతూ కిందికి కూర్చుంటే అర చుట్టు వెనక్కి. మాస్టారి బండికి ఒక్క చుట్టు సరిపోయింది.

అపోహ: బండి మూల పట్టుకుని నొక్కితే షాక్ పనితనం తెలుస్తుంది.

చిన్న కారుకి కొంత తెలుస్తుందేమో. కమాన్ కట్టల బండిలో పట్టీల మధ్య రాపిడే ఊపుని ఆపేస్తుంది. తుప్పు పట్టిన కట్ట అయితే చచ్చిపోయిన షాక్‌ని కూడా బాగున్నట్టే చూపిస్తుంది. విప్పి చూడాల్సిందే. నిలువుగా పట్టుకుని చేత్తో నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కాలి. పడుకోబెట్టి ఉంచిన కొత్త షాక్‌లో కూడా మొదట గాలి ఉంటుంది, ఈ లాగుడుతో పోతుంది. ఆ తర్వాత కూడా మధ్యలో ఒక అంగుళం మేర చెయ్యి ఖాళీగా జారితే అది పనికిరాదు.

అపోహ: షాక్ నుంచి ఆయిల్ కారకపోతే బాగున్నట్టే.

కాదు, లోపలి వాల్వులు అరిగినా బయట చుక్క కనపడదు. అలాగే రాడ్ దగ్గర పల్చటి చెమ్మ, దానికంటిన దుమ్ము చూసి కంగారు పడక్కర్లేదు. ఒళ్లంతా ధార కట్టి ఉంటే మాత్రం మార్చాలి, ఒకటి కాదు, జతగా.

రంధ్రం పెట్టి చిక్కటి ఆయిల్ నింపి వెల్డింగ్ చేయించడం మాటే ఎత్తకండి. గ్యాస్ షాక్ మీద ఆ పని చేస్తే మనిషికే ప్రమాదం.

అపోహ: ఘాట్‌లో పక్కకి వాలకుండా షాక్ ఆపుతుంది.

దోర్నాల నుంచి శ్రీశైలం పోయేటప్పుడు పొడవాటి మలుపులో బండి వాలి అలాగే ఉందంటే, దాన్ని ఆపాల్సింది కట్టలు, స్టెబిలైజర్ బార్ (కుడి ఎడమ చక్రాల వైపుల్ని కలిపే ఇనప కడ్డీ). ఆ బార్ లింకుల రబ్బర్లు పోయాయేమో చూడండి. వాలే వేగాన్నీ, హైవే మీద బస్సు దాటినప్పుడు వచ్చే ఊపునీ తగ్గించడం వరకే షాక్ వంతు. పైన కట్టిన సామాను దించితే వచ్చే తేడా అంతకంటే ఎక్కువ.

బిగించేటప్పుడు ఒక్కటి దగ్గరుండి చూసుకోండి. బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతూ ఉండగా షాక్ బోల్టులు పూర్తిగా బిగిస్తే షాక్ చివర బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి తొందరగా చీలుతుంది. కిందికి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. కొత్తపట్నం, మైపాడు బీచ్‌ల పక్కన రాత్రి బస చేసేవాళ్లు తిరిగొచ్చాక ఆ బోల్టుల మీద మంచినీళ్లు కొట్టి కడగండి. ఉప్పుకి పట్టేసిన బోల్టు విప్పాలంటే కోసి తీయడమే.