వాడకో సమాజం, ఊరికో పూజ: చిన్న క్రైస్తవ సమాజాల నేపథ్యం

క్యాథలిక్ గుళ్లలో ఆదివారం పూజకు జనం పలచబడ్డారన్న మాట వచ్చినప్పుడల్లా విచారణ (ఒక గురువు కింద ఉండే స్థానిక సంఘం, పారిష్) పెద్దలు చిన్న క్రైస్తవ సమాజాల సంగతి ఎత్తుతారు. దగ్గర దగ్గరగా ఉన్న పదిహేను, ఇరవై కుటుంబాలు ఒక ఇంట్లో కూడి సువార్త చదువుకోవడం, ప్రార్థన చేసుకోవడం, ఒకరి కష్టసుఖాలు మరొకరు అడగడం. కొత్త పథకంలా చెప్తారు గానీ ఉత్తర తెలంగాణకు ఇది సగం పాతదే.

పిమే అనే క్యాథలిక్ మిషనరీ సంస్థకు చెందిన ఇటలీ గురువులు (ఫాదర్లు) 1855లో నిజాం రాజ్యానికి వచ్చారు. గురువులు కొద్దిమంది, ఊళ్లు చాలా. ఫాదరుగారు ఎప్పుడో ఒకసారి వచ్చి పూజ చేసి వెళ్తే, మిగతా రోజులు ఊరి క్రైస్తవాన్ని నిలబెట్టింది ఉపదేశి, అంటే గురువు కాని బోధకుడు. జపాలు నేర్పడం, ఆదివారం ప్రార్థన నడపడం, జబ్బు మనిషి పక్కన కూర్చోవడం ఆయన పనే. 1952 డిసెంబర్‌లో వరంగల్ మేత్రాసనం (డయోసిస్) ఏర్పడింది, పిమే సభ్యుడైన అల్ఫోన్సో బెరెట్టా తొలి పీఠాధిపతి (బిషప్) అయ్యారు. 1988లో ఖమ్మం విడిపోయింది. ఆదిలాబాద్ వైపు కేరళ మూలాలున్న సిరో మలబార్ క్యాథలిక్ సంప్రదాయంలో 1999లో వేరే మేత్రాసనం వచ్చింది. గుళ్లు పెరిగాయి, గురువులు పెరిగారు. ఉపదేశి మాత్రం వెనక్కి జరిగాడు, ఆయనతోపాటు ఇంటింటి పలకరింపు కూడా.

ప్రపంచ క్యాథలిక్ పీఠాధిపతులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధనపై పత్రం వెలువరించాక పూజ లాటిన్ నుంచి తెలుగులోకి వచ్చింది. పూజలో స్థానిక పద్ధతులుగా 1969లో రోమ్ భారతదేశానికి అనుమతించిన పన్నెండు అంశాల్లో నేలమీద కూర్చోవడం, ఆరతి, చెప్పులు విడవడం ఉన్నాయి (చెప్పులు బయట విడవమని మన పల్లె జనానికి రోమ్ నుంచి చెప్పనక్కర్లేదనుకోండి). చిన్న సమాజాల ఆలోచన లాటిన్ అమెరికాలో, తూర్పు ఆఫ్రికాలో బలపడి, 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో కూడిన ఆసియా పీఠాధిపతుల సమాఖ్య సభ ద్వారా మన వైపు వచ్చింది. శ్రీసభ (క్యాథలిక్ సంఘం) అంటే సమాజాల సమాజంగా ఉండాలని ఆ సభ చెప్పింది.

కూటం నడిపే పద్ధతి దక్షిణాఫ్రికాలోని లుంకో సంస్థది, ఏడు మెట్లు. ప్రభువును ఆహ్వానించి, వాక్యం చదివి, మనసుకు తగిలిన మాటలు మళ్లీ పలికి, మౌనంగా ఉండి, విన్నది పంచుకుంటారు. ఆరో మెట్టులో, మనం చేయాల్సిన పని ఏమిటో మాట్లాడుకోవాలి. ఏడోది ప్రార్థన. కూటం చప్పబడేది ఆరో మెట్టు దాటేసినప్పుడే. పింఛను ఆగిన ముసలమ్మ, గల్ఫ్‌కు పోయిన కొడుకు, తాగి కొట్టే మొగుడు చర్చలోకి రాకపోతే అది మరో జపమాల కూటం అవుతుంది. జపమాల మంచిదే, దానికోసం కొత్త పేరు ఎందుకు?

అసలు చిక్కు మరొకటి. నగరంలో ఇరుగుపొరుగు కలిస్తే రకరకాల వాళ్లు కలుస్తారు. మన పల్లెలో ఇరుగుపొరుగంటే ఒకే కులం. గుంటూరు వైపు నుంచి భూములు కొనుక్కుని వచ్చిన రెడ్ల క్యాథలిక్ కుటుంబాలు ఒక దిక్కు, మాల, మాదిగ వాడలు మరో దిక్కు. ఇళ్ల దగ్గరితనాన్ని బట్టి సమాజాలు కడితే వాడ గీతకే సంఘ ముద్ర వేసినట్టవుతుంది. దీనికి తోడు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషనే. ఎస్సీ సర్టిఫికెట్ పోతుందన్న భయం ఉన్న ఇల్లు కూటానికి తలుపు తీయడానికి, పుస్తకంలో పేరు రాయించుకోవడానికి జంకుతుంది. భక్తి తగ్గిందని వాళ్లను అనడం తేలిక.

అందుకే ఆదివారం పూజను, చిన్న సమాజాన్ని విడదీసి చూడలేం. వారమంతా వేర్వేరు వాడల్లో ఉన్నవాళ్లు ఒకే బలిపీఠం ముందు, ఒకే అప్పంలో పాలుపంచుకునేది ఆ గంటలోనే. అక్కడ కూడా పఠనాలు ఎప్పుడూ ఒకే రెండు ఇళ్లవాళ్లు చదివితే, కానుకలు ఒకే వైపు నుంచి వస్తే, వాడలో కూటాలు ఎన్ని పెట్టినా ఫలితం ఉండదు. వంతుల వారీగా ఒక్కో సమాజానికి ఒక్కో ఆదివారం పఠనాలు, విశ్వాసుల ప్రార్థన, పాటలు అప్పగించడం ఖర్చు లేని పని. ఆ వారం కూటంలో మాట్లాడుకున్న కష్టమే విశ్వాసుల ప్రార్థనలో వినిపించాలి.

2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ (పోపును ఎన్నుకునే ఉన్నత వర్గంలో ఒకరు) అయ్యారు, దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన తొలి వ్యక్తి ఆయన. 2024 అక్టోబర్‌లో రోమ్‌లో ముగిసిన సినడ్ (పీఠాధిపతుల సభ) తుది పత్రం విచారణ మండలుల (గురువుకు సలహా ఇచ్చే స్థానిక సంఘ సభలు) వంటివి తప్పనిసరి కావాలని కోరింది. ఆ మండలిలో వాడల నుంచి ఎవరిని కూర్చోబెడతారన్నది విచారణ గురువులు, పెద్దలు తేల్చాల్సిన పని.