లేబుల్ నుంచి బయటికొచ్చే రాక్ బ్యాండ్లు: అపోహలు - వాస్తవాలు

2007 అక్టోబర్ 10న బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ తమ ‘ఇన్ రెయిన్‌బోస్’ ఆల్బమ్‌ని సొంత వెబ్‌సైట్‌లో పెట్టి, మీకు తోచినంత ఇచ్చి డౌన్‌లోడ్ చేసుకోండి అంది. లేబుల్‌ని, అంటే రికార్డ్ కంపెనీని, వదిలేయడం రాజీనామా పత్రం ఇచ్చినంత తేలికన్న నమ్మకం అప్పటి నుంచే బలపడింది. అసలు కథంతా కాగితాల్లో ఉంటుంది.

అపోహ: ఒప్పందం ముగిస్తే పాటలు బ్యాండ్‌కి వచ్చేస్తాయి.

వాస్తవం: రావు. ప్రతి పాట మీదా రెండు హక్కులుంటాయి. బాణీ కట్టినవాళ్లకి, సాహిత్యం రాసినవాళ్లకి ఉండేది పబ్లిషింగ్ హక్కు. రికార్డయిన ధ్వని మీద ఉండేది మాస్టర్ హక్కు, పెద్ద లేబుళ్లు సాధారణంగా రాయించుకునేది ఇదే. ‘ఇన్ రెయిన్‌బోస్’ వచ్చిన రెండు నెలలకే బ్యాండ్ పాత లేబుల్ ఈఎంఐ రేడియోహెడ్ పాత ఆల్బమ్‌లను బాక్స్ సెట్‌గా అమ్మింది, 2008లో ‘బెస్ట్ ఆఫ్’ కూడా తెచ్చింది. బ్యాండ్ ప్రమేయం లేకుండానే.

పోనీ పాతవే మళ్లీ పాడి రికార్డ్ చేద్దామా అంటే, రీ-రికార్డింగ్ షరతు అడ్డొస్తుంది. మామూలుగా కనిపించే లెక్క: పాట వచ్చాక 5 ఏళ్లు లేదా ఒప్పందం ముగిశాక 2 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అది. అమెరికా కాపీరైట్ చట్టం 203వ సెక్షన్ కింద, రాసిచ్చిన 35 ఏళ్ల తర్వాత హక్కుల్ని వెనక్కి తీసుకోవచ్చు. అయితే నోటీసు, వెనక్కి తీసుకునే తేదీకి 10 ఏళ్ల కంటే ముందు ఇస్తే చెల్లదు, 2 ఏళ్ల కంటే తక్కువ వ్యవధిలో ఇచ్చినా చెల్లదు. పైగా రికార్డింగ్ అనేది జీతమిచ్చి చేయించుకున్న పనితో సమానం, కాబట్టి ఈ సెక్షన్ వర్తించదు అని లేబుళ్లు వాదిస్తాయి.

అపోహ: లేబుల్ ముందుగా ఇచ్చిన అడ్వాన్స్ తీరిపోతే మాస్టర్స్ మనవే.

వాస్తవం: ఇంటి అప్పు తీరితే పత్రాలు చేతికొస్తాయి, ఇక్కడ అదీ రాదు. ఉదాహరణకి అడ్వాన్స్ 2,00,000 డాలర్లు, రాయల్టీ 15% అనుకుందాం. లేబుల్‌కి 10,00,000 డాలర్లు వచ్చినా బ్యాండ్ ఖాతాలో జమయ్యేది 1,50,000. ఇంకా 50,000 బాకీయే! స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో వాటా కూడా ఇందులోనే కలుపుతారు. మొదటి ఆల్బమ్ బాకీని రెండో ఆల్బమ్ ఆదాయంలోంచి కోసుకోవడమూ మామూలే. బాకీ మొత్తం తీరిన తర్వాత కూడా మాస్టర్ లేబుల్‌దే. ఊరట ఒక్కటే, ఆల్బమ్ ఆడకపోతే అడ్వాన్స్ చేతినుంచి తిరిగి కట్టక్కర్లేదు.

అపోహ: కాలిఫోర్నియాలో 7 ఏళ్లు దాటితే ఎవరైనా వెళ్లిపోవచ్చు.

వాస్తవం: ఒప్పందాలకి ఏడేళ్ల పరిమితి ఉన్నమాట నిజమే, అది అక్కడి కార్మిక చట్టం (లేబర్ కోడ్) 2855వ సెక్షన్. కానీ ఇవ్వాల్సిన ఆల్బమ్‌లు ఇవ్వకుండా వెళ్తే నష్టపరిహారం అడిగే వీలు అదే సెక్షన్ రికార్డ్ కంపెనీలకి ఇస్తోంది. 2008లో థర్టీ సెకండ్స్ టు మార్స్ అనే బ్యాండ్ బయటికొస్తామంటే, ఈఎంఐకి చెందిన వర్జిన్ 3 కోట్ల డాలర్లకు దావా వేసింది. 2009లో రాజీ కుదిరి, బ్యాండ్ మళ్లీ ఆ లేబుల్‌తోనే సంతకం చేసింది. ఒప్పందంలో లెక్క ఏళ్లలో ఉందా, ఆల్బమ్‌లలో ఉందా చూడండి. ‘డెలివరీ’ అంటే టేపు ఇవ్వడం కాదు, లేబుల్ దాన్ని అంగీకరించడం. ఆ అంగీకారం, ఒప్పందం నుంచి విడుదల రెండూ రాతపూర్వకంగా ఉండాలి.

అపోహ: రేడియోహెడ్ అన్ని కంపెనీలకూ దండం పెట్టేసింది.

వాస్తవం: డౌన్‌లోడ్, డిస్క్‌బాక్స్ మాత్రమే సొంతం. ఎంపీ3 డౌన్‌లోడ్‌కి అప్పట్లో సున్నా నుంచి ఎంతైనా చెల్లించే వీలుండేది. సీడీలు, వినైల్ రికార్డులు ఉన్న డిస్క్‌బాక్స్‌ని 40 పౌండ్లకు అమ్మారు. మామూలు సీడీ మాత్రం బ్రిటన్‌లో ఎక్స్‌ఎల్ రికార్డింగ్స్ అనే లేబుల్ ద్వారానే దుకాణాలకి వెళ్లింది. ట్రక్కులు, గోడౌన్లు, వాపసులు బ్యాండ్ నడిపే పని కాదు మరి. నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ కూడా 2007లో ఇంటర్‌స్కోప్ లేబుల్ నుంచి విడిపోయి, 2013 ఆల్బమ్‌కి మరో లేబుల్ కొలంబియా దగ్గరికి వెళ్లింది. ఇందులో పరువు పోయేదేమీ లేదు.

అపోహ: మధ్యలో లేబుల్ లేదు కాబట్టి డబ్బంతా మనకే.

వాస్తవం: అడిగితేనే వస్తుంది. అమెరికాలో డిజిటల్ రేడియో సొమ్మును సౌండ్‌ఎక్స్చేంజ్ అనే సంస్థ పంచుతుంది: 50% మాస్టర్ యజమానికి, 45% ప్రధాన కళాకారులకి, 5% సెషన్ వాద్యకారులు, గాయకులకి. లేబుల్ ఉన్నప్పుడు మొదటి సగం దానిదే. బయటికొచ్చాక చాలామంది కళాకారులుగా మాత్రమే నమోదై, యజమాని సగాన్ని వదిలేసుకుంటారు. రెండు రకాలుగానూ నమోదు కావాలి.

ఇంకొకటి ఐఎస్‌ఆర్‌సీ, ప్రతి రికార్డింగ్‌కీ ఉండే 12 అక్షరాలంకెల కోడ్. మీ సొంత మాస్టర్‌ని ఒక డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని స్ట్రీమింగ్ సైట్లకి చేర్చే కంపెనీ) నుంచి ఇంకొకరికి మార్చేటప్పుడు పాత కోడే ఇవ్వండి. కొత్తది పడితే స్ట్రీమింగ్ సైట్లు దాన్ని వేరే పాటగా చూస్తాయి, పాత ప్లే కౌంట్ పోతుంది. కొత్త డిస్ట్రిబ్యూటర్ ద్వారా పాట సైట్లలో కనిపించాకే పాతదాన్ని తీయించండి. మనదేశంలో ఈ కోడ్ ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ ఇస్తుంది, హైదరాబాద్ బ్యాండ్లు అక్కడే తీసుకోవచ్చు. బాణీ, సాహిత్యం రాయల్టీ కోసం, ఆ సొమ్ము వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ సంస్థలో విడిగా చేరాలి. చేరేముందే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టండి, మొత్తం సరిగ్గా 100% రావాలి. వాటాలు 100% దాటితే, తగువు తేలేదాకా ఆ పాట సొమ్ము ఆగిపోవచ్చు.