పరుషాక్షరాలు చెడ్డవా? పిల్లలకు ఒక ఉత్తరం

నల్లగొండ

చిరంజీవులకు ఆశీస్సులు.

క, చ, ట, త, ప అనే అక్షరాలను పరుషాలంటారని బడిలో చదువుకున్నారు. పరుషమంటే కఠినం కదా, కవిత రాసేటప్పుడు వాటిని తగ్గించాలా అని అడిగారు. తగ్గించనక్కరలేదు. అయితే చెవికి ములుకులా గుచ్చుకునే ధ్వని ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడం మాత్రం రాసేవారికి చాలా అవసరం.

గొంతు మీద వేలు ఆనించి ముందు "కూర" అని, కొంచెం ఆగి "కాయలు" అని పలకండి. ఆ తరువాత ఆగకుండా "కూరగాయలు" అనండి. "కూర" చివరి అచ్చు పలుకుతున్నప్పుడు మీ గొంతు అదురుతూ ఉంటుంది. వెంటనే "క" పలకాలంటే ఆ అదురు ఆగిపోయి మళ్లీ మొదలుకావాలి. "గ"కు ఆ ఆటంకం లేదు, అదురు అలాగే సాగుతుంది. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులైనా, అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములైనా జరిగింది ఇదే. మీరు కంఠస్థం చేసే గసడదవాదేశ సంధికి ప్రాణం ఈ నోటి సౌలభ్యంలోనే ఉంది. ముందు నోరు దాన్ని కనిపెట్టింది, వ్యాకరణం తరువాత సూత్రం చేసింది.

ఇలా మెత్తబరచుకునే తెలుగే అవసరమైనచోట గట్టిపడుతుంది. అచ్చతెలుగు మాటల్లో ఖ, ఛ, థ, ఫ వంటి, ఊపిరి ఒత్తి పలికే ఒత్తక్షరాలు ఉండవని వ్యాకరణాలు చెబుతాయి. కాని అసహ్యం కలిగితే "ఛీ" అంటాము, "థూ" అంటాము. చెట్టు ఫెళఫెళ విరుగుతుంది, ఫిరంగి ఢాం అని పేలుతుంది. మామూలు మాటలకు అక్కరలేని ఆ ఊపిరి కోపానికీ, విరగడానికీ, పేలుడుకూ కావలసి వచ్చింది. ఇది నాకు ఎంతో ముచ్చటైన విషయం.

మన రాచకొండను పద్నాలుగో శతాబ్దంలో ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో "రసార్ణవసుధాకరం" రచించి, అందులో పదాల కూర్పును కోమల, కఠిన, మిశ్ర అని మూడు రీతులుగా విభజించాడు. కఠినమనేది ఆయన లెక్కలో ఒక రీతి, తప్పు కాదు. అంతకు చాలా ముందే కాశ్మీరంలో ఆనందవర్ధనుడనే ఆలంకారికుడు, అంటే కావ్యశాస్త్రం చెప్పినవాడు, శ్రుతిదుష్టం (చెవికి కటువుగా వినిపించడం) వంటి దోషాలు ఎల్లప్పుడూ దోషాలు కావనీ, శృంగారం ప్రధానమైనచోట వాటిని విడిచిపెట్టాలనీ చెప్పాడు. రౌద్రంలో అదే బిరుసుదనం కావ్యానికి బలమవుతుంది.

ఇక పోతన గజేంద్రమోక్షంలోని "అడిగెద నని కడువడిఁ జను" అనే పద్యాన్ని పైకి చదవండి. ఆలంకారికులు మాధుర్యానికి పనికిరావని పక్కన పెట్టిన టవర్గంలోని డకారమే ఆ పద్యమంతా పరుచుకుని ఉంది. చెప్పకుండా పరుగెత్తుతున్న భర్తను ఎక్కడికని అడగాలని లక్ష్మీదేవి వడిగా వెళుతుంది, అడిగినా బదులు పలకడేమోనని ఆగుతుంది. "అడుగిడు నడుగిడదు" అన్నచోట నాలుక పైకి మడిచి అంగిలిని తాకి విడిపోవడం, ఆమె పాదం నేలను తాకి వెనుదీయడం ఒక్కటిగా జరుగుతాయి. ఆ డకారాలు తీసేస్తే తడబాటే ఉండదు.

మరి అక్షరం శ్రుతికటువు, అంటే చెవికి కటువు, ఎప్పుడవుతుంది? నిద్రపోతున్న పసిబిడ్డను వర్ణిస్తూ "నిర్దుష్టస్వప్నస్పృష్టనేత్రుడు" అని రాశారనుకోండి. ఒక్కొక్క సంయుక్తాక్షరం దగ్గర నాలుక ఎదురుదెబ్బ తిని ఆగుతుంది. పసివాడి ఊపిరికి అక్కడ చోటు లేదు. "కలలో నవ్వే పసివాడు" అంటే చాలు. అవే సంయుక్తాక్షరాలు పిడుగుపాటుకు ఎంతో చక్కగా అమరుతాయి. అక్షరం బిరుసుగా లేకపోయినా విసుగు పుట్టే సందర్భం ఇంకొకటి ఉంది: ఒకే ధ్వని అర్థంతో పని లేకుండా మళ్లీ మళ్లీ రావడం. "లక్ష భక్ష్యాలు భక్షించే లక్ష్మయ్య" నాలుక తిరగడానికి ఆడుకునే ఆటగా బాగుంటుంది, కవితగా నిలవదు.

చివరగా, మీలో ఒకరు మన పల్లె మాట మోటుగా వినిపిస్తుందని, కథలో నానమ్మ సంభాషణను మార్చి రాశారు. ఇది నాకు బాధ కలిగించింది. "వచ్చిండు" కటువనీ, "వచ్చాడు" మృదువనీ అనేవారిని రెంటిలోనూ ఉన్న డకారాన్ని చూడమనండి. అక్కడ చెవి పేరు చెప్పి తీర్పునిస్తున్నది అలవాటు, ఒక్కొక్కప్పుడు చిన్నచూపు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ "ఉయ్యాలో" అని సాగదీసే గొంతూ, ఆవలి వీధిలోని మనిషిని "ఓ వెంకన్నా" అని కేకేసే గొంతూ మన ఊళ్లో ఒక్కటే. ఏ పనికి ఏ స్వరం కావాలో దానికి తెలుసు. కథను తిరగరాసేటప్పుడు నానమ్మ చేత "మీ తాత ఇప్పుడే వచ్చిండు" అనే పలికించండి, తరువాత పైకి చదివి నాకు వినిపించండి.

మీ తాత