మిత్రదేశాన్ని పొగిడిన యుద్ధకాలపు సినిమాలు: అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లుగా డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తున్నాను, సినిమా విద్యార్థులకు ఎడిటింగ్ పాఠాలూ చెబుతున్నాను. ప్రచార చిత్రాల క్లాసు అనగానే పిల్లలు హిట్లర్ కాలపు జర్మనీ గురించే అడుగుతారు. నేను మాత్రం రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావాళ్లు సోవియట్ రష్యాను పొగుడుతూ తీసిన సినిమాలతో మొదలుపెడతాను. శత్రువును తిట్టడం తేలిక. నిన్నటిదాకా అనుమానంగా చూసిన దేశాన్ని ‘మనవాళ్లే’ అని నమ్మించడానికే పనితనం కావాలి. 1941 జూన్ 22న జర్మనీ రష్యా మీద పడింది. ఆ ఏడాది డిసెంబర్‌లో అమెరికా కూడా యుద్ధంలోకి దిగింది. స్టాలిన్ మిత్రుడయ్యాడు. ఆ మాట జనానికి ఎక్కించే పనిలో సినిమా కూడా ఒక చెయ్యి వేసింది.

అపోహ: ప్రచార చిత్రమంటే అబద్ధాల మూట.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన అపోహ ఇదే. 1943లో వచ్చిన ‘ది బ్యాటిల్ ఆఫ్ రష్యా’ చూడండి. ఫ్రాంక్ కాప్రా సైన్యం కోసం చేసిన సిరీస్‌లో అది ఒక భాగం, అనటోల్ లిత్వాక్ దగ్గరుండి నడిపించాడు. లెనిన్‌గ్రాడ్ ముట్టడి ఫుటేజీ నిజమైనది. గడ్డకట్టిన లడోగా సరస్సు మీద బారులు తీరిన లారీలు నిజం. చలికీ ఆకలికీ చచ్చిపోయిన జనం నిజం. చూస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. కానీ 1939 ఆగస్టు 23న హిట్లర్‌తో స్టాలిన్ చేసుకున్న ఒప్పందం అందులో లేదు. ఆ తర్వాత పోలండ్‌ను ఇద్దరూ పంచుకున్న సంగతీ లేదు. ఉన్న షాట్లలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ దొరకదు, మోసమంతా తీసేసిన చోటే జరిగింది. అందుకే మా పిల్లలకు చెబుతాను, టైమ్‌లైన్ మీద ఉన్నదాన్ని చూసినట్టే లేనిదాన్నీ వెతకమని.

తెలిసి తెలిసి చెప్పిన అబద్ధాలు కూడా ఉన్నాయి. వాటికి ‘మిషన్ టు మాస్కో’ (1943) పెద్ద ఉదాహరణ. వార్నర్ బ్రదర్స్ తీసింది, దర్శకుడు మైకేల్ కర్టిజ్. మాస్కోలో అమెరికా రాయబారిగా చేసిన జోసెఫ్ డేవిస్ రాసిన పుస్తకం దానికి ఆధారం. సినిమా మొదట్లో అసలు డేవిస్ కనిపించి ప్రేక్షకులతో మాట్లాడతాడు, తర్వాత ఆయన పాత్రలోకి వాల్టర్ హస్టన్ వస్తాడు. నిజం మనిషిని ముందు నిలబెట్టి, ఆ నమ్మకాన్నే కల్పనకు అప్పు ఇచ్చారు. పైగా మధ్యమధ్యలో న్యూస్‌రీల్ ముక్కలు కలిపారు. సెట్‌లో తీసిన షాట్ పక్కన న్యూస్‌రీల్ షాట్ పడితే, చూసేవాడికి రెండూ ఒకేలా నిజమనిపిస్తాయి.

ఇక కోర్టు సీను. స్టాలిన్ తన పార్టీ పెద్దల మీద ద్రోహం నేరం మోపి నడిపించిన మాస్కో విచారణలు విడివిడిగా జరిగాయి, సినిమాలో అన్నీ ఒకే గదిలో కుక్కారు. సోవియట్ సైన్యాధికారి మార్షల్ తుఖాచెవ్‌స్కీ కూడా అక్కడ అందరి ముందూ నేరం ఒప్పుకుంటాడు. నిజానికి ఆయన్ని 1937 జూన్‌లో రహస్యంగా విచారించి కాల్చేశారు. సినిమాలో ఆయనతోపాటే బోనెక్కిన పార్టీ నాయకుడు బుఖారిన్ విచారణ జరిగింది 1938 మార్చిలో. అంటే అప్పటికే చచ్చిపోయిన మనిషిని తెర మీదికి తెచ్చి, తాను ద్రోహినని తన నోటితోనే చెప్పించారు. ఎడిటర్‌గా నాకు దీన్ని క్షమించడం చేతకాదు.

అపోహ: తీసినవాళ్లంతా కమ్యూనిస్టులు.

కొందరు వామపక్షం వాళ్లే, కాదనను. కానీ వార్నర్ బ్రదర్స్ అధిపతి జాక్ వార్నర్, నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ పక్కా వ్యాపారస్తులు. 1947లో హాలీవుడ్‌లో కమ్యూనిస్టుల కోసం వెతికిన అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు జాక్ వార్నర్ చెప్పుకున్న సమాధానం కూడా అలాగే ఉంది: ‘మిషన్ టు మాస్కో’ తప్పయితే రష్యాకు ఆహారం, తుపాకులు మోసిన అమెరికా ఓడలు కూడా తప్పే. దాని స్క్రిప్టు రాసిన హోవార్డ్ కోచ్ మాత్రం బ్లాక్‌లిస్టు పాలయ్యాడు, అంటే స్టూడియోలు పని ఇవ్వకుండా వెలేశాయి. రాయించుకున్న స్టూడియో యథాప్రకారం నడిచింది.

అపోహ: ప్రభుత్వమే డబ్బిచ్చి, మెడ మీద కత్తి పెట్టి తీయించింది.

కాప్రా సిరీస్ సైన్యానిదే. కథా చిత్రాలు మాత్రం స్టూడియోలు సొంత డబ్బుతో తీశాయి. 1942లో అమెరికా ప్రభుత్వం పెట్టిన యుద్ధ సమాచార కార్యాలయం స్క్రిప్టులు చూసి సలహాలిచ్చేది. ‘ఈ సినిమా యుద్ధం గెలవడానికి పనికొస్తుందా?’ అని ముందు ప్రశ్నించుకోమని స్టూడియోలకు చెప్పింది.

అపోహ: జనం గుడ్డిగా నమ్మేశారు.

‘మిషన్ టు మాస్కో’ రాగానే తత్వవేత్త జాన్ డ్యూయీ, సుజాన్ లా ఫాలెట్‌తో కలిసి న్యూయార్క్ టైమ్స్‌కు పెద్ద ఉత్తరం రాశాడు. విచారణల గురించి సినిమా చెప్పినవి ఎలా తప్పో అందులో విప్పి చెప్పాడు. ఆ సినిమా డబ్బు కూడా తేలేదు.

అపోహ: ఇదంతా అమెరికా గొడవ, మనకేం సంబంధం?

యుద్ధకాలంలో మన హాళ్లలో ప్రభుత్వం ఆమోదించిన పొట్టి సినిమాలు తప్పనిసరిగా వేయాల్సి వచ్చేది. 1943లో మొదలైన ‘ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా’ చిత్రాలకు తెలుగు వ్యాఖ్యానం కూడా ఉండేది. మన తాతలు వాటిని తెలుగులోనే విన్నారు.

అపోహ: ఒకసారి తీసిన సినిమా ఇక మారదు.

గోల్డ్‌విన్ నిర్మించిన ‘ది నార్త్ స్టార్’ (1943)లో ఉక్రెయిన్ పల్లె పాటలతో, విందులతో కళకళలాడుతుంది. పదేళ్ల కిందటే అదే నేల మీద లక్షల మంది కరువులో చచ్చిపోయారన్న జాడ ఎక్కడా లేదు. ప్రచ్ఛన్న యుద్ధం ముదిరాక, 1957లో దాన్నే కత్తిరించారు. సోవియట్ పొగడ్తలు తీసేశారు, కొత్త వ్యాఖ్యానం పెట్టారు, ‘ఆర్మర్డ్ అటాక్’ అని పేరు మార్చారు. రెంటిలోనూ జర్మన్ దాడి సీన్లు ఉన్నాయి. క్లాసులో ఆ ముక్కల్ని శబ్దం ఆపేసి వేస్తాను. ఏది 1943ది, ఏది 1957ది అని అడుగుతాను. ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు.