అల్యూమినియం పోతలో మర: కోయాలా, ఒత్తాలా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగిందంటే రైతుకి టెన్షనే. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళలోనే. అలా ఆగిన గేర్‌బాక్సును లేతు షాపులో విప్పుతుంటే దగ్గరుండి చూశాను. మూత బోల్టు సులువుగా ఊడి చేతికొచ్చింది. దాని గాడుల్లో వెండి తీగ చుట్టినట్టు అల్యూమినియం ఉంది. పోతలోని మర, అంటే అచ్చుపోసిన గేర్‌బాక్సు కన్నంలో బోల్టు బిగిసే గాడి, మొత్తం బోల్టుతోపాటే వచ్చేసిందన్నమాట.

"ఎం 10కి పెంచేద్దామండి" అన్నాడు మేస్త్రి. ఉన్నది ఎం 8, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టు. చుట్టూ గోడ మందం అంతంతమాత్రం.

మన చేతులకు అలవాటైన మర ఇనుముది. ఇంగ్లండు ఇంజనీరు విట్‌వర్త్ 1841లో మరలకు 55 డిగ్రీల కోణంతో ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించాడు. తర్వాత ఇంగ్లిషు యంత్రాలతోపాటు అంగుళాల మరలూ మన దేశానికి వచ్చాయి. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చినా పద్ధతి మాత్రం అదే: కన్నం వేసి, మర కోసే పనిముట్లయిన ట్యాపులు మూడింటి సెట్టుతో వరసగా కోసుకుంటూ దిగడం. పోత ఇనుముకి అది చక్కగా సరిపోతుంది, రజను పొడిగా రాలిపోతుంది.

అల్యూమినియం అలా కాదు. 1886లో విద్యుత్తుతో తీసే పద్ధతి దొరికాకే అది చవకై యంత్రాల్లోకి వచ్చింది. మెత్తటి లోహం కాబట్టి ట్యాపుకి అంటుకుంటుంది. కిరసనాయిలు వెయ్యకుండా తిప్పితే పొట్టు గాడిలో ఇరుక్కుని, అప్పుడే కోసిన మరనే చెక్కేస్తుంది.

అందుకే ఫార్మింగ్ ట్యాపు వచ్చింది. అది కోయదు, లోహాన్ని ఒత్తి మర తీరుస్తుంది. పొట్టు అసలుండదు, మర గట్టిగా వస్తుంది. అయితే కన్నం పెద్దది కావాలి: ఎం 8కి కోసే ట్యాపుకైతే 6.8 మిల్లీమీటర్లు, ఒత్తేదానికి 7.4 దాకా. పాత కన్నంలోనే దింపితే ట్యాపు విరుగుతుంది. తిప్పడానికి బలం కూడా ఎక్కువ పడుతుంది, మంచి నూనె తప్పనిసరి. సిలికాన్ బాగా ఎక్కువున్న పెళుసు పోత ఒత్తిడికి చిట్లిపోవచ్చు. కొత్త డైకాస్టింగ్‌కి (ఒత్తిడితో అచ్చులో పోసినదానికి), మెషిన్ మీదైతే, నా ఓటు దీనికే.

రిపేరు సంగతి వేరు. మర పోయిన కన్నంలో ఒత్తడానికి లోహమేదీ? 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఏరేటర్లు విపరీతంగా పెరిగాయి. ఉప్పునీటిలో స్టీలు బోల్టు పక్కనున్న అల్యూమినియం త్వరగా తినేసుకుపోతుంది. ఇక్కడ కోసే ట్యాపే వాడి, స్టెయిన్‌లెస్ తీగ ఇన్సర్టు వేయాలి, అంటే స్ప్రింగులా చుట్టిన తీగను కన్నంలో దింపితే అదే కొత్త మర అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన ఇంజన్లలోనే వాడిన ఉపాయమిది.

మేస్త్రికి అదే చెప్పాను. 8.3 కన్నం వేసి, ఇన్సర్టు ట్యాపుతో కోసి, తీగ దింపి, పాత ఎం 8 బోల్టునే గ్రీజు రాసి బిగించాడు.