మెడలో పోపుల డబ్బా

చిన్నీ, బుజ్జిగా,

వరలక్ష్మీ వ్రతం నాడు వీడియో కాల్లో బుజ్జిగాడు అడిగినదానికి అమ్మమ్మ నవ్వేసి ఊరుకుంది. "అమ్మమ్మకేమో కాసులపేరు, గాజులు, జూకాలు. తాతయ్యకి ఒక్క ఉంగరమేనా? ఇదేం న్యాయం?" అన్నాడు. న్యాయమే రా. ఎందుకో చెప్తాను వినండి.

మీ అమ్మ వంటింట్లో పోపుల డబ్బా ఉంది కదా. వెనకటి రోజుల్లో ఇంట్లో మగవాళ్ళు చెయ్యి పెట్టని చోటు అదొక్కటే. పొలం తాత పేరున ఉండేది, ఆయన తర్వాత కొడుకుల పేరున. ఇల్లూ అంతే. పంట డబ్బు మొగుడి పెట్టెలోకి వెళ్ళేది. ఆడవాళ్ళు మాత్రం ఆవాల కింద నాలుగు నోట్లు దాచుకునేవారు. నగలంటే మెడలో వేసుకు తిరిగే పోపుల డబ్బా అన్నమాట. ఆవగింజంత ముక్కుపుడక, రోజూ వాడే జీలకర్ర లాంటి గొలుసు, ఇంగువలా ఎప్పుడో గాని బయటికి తియ్యని వడ్డాణం. మెంతుల చేదూ ఉంటుంది, అదే తాకట్టు. "ఇక చాల్లెండి, పోపు మాడుతోంది" అంటోంది అమ్మమ్మ. సరే.

ఆ డబ్బాలోదాన్ని పెద్దలు స్త్రీధనం అన్నారు. పెళ్ళిలో అగ్ని ముందు ఇచ్చింది, అత్తవారింటికి పంపేటప్పుడు ఇచ్చింది, ప్రీతితో ఇచ్చింది, అమ్మ, నాన్న, అన్నదమ్ములు ఇచ్చింది, ఈ ఆరూ ఆడవాళ్ళవేనని మనుస్మృతిలో ఉంది. మొగుడు బతికుండగా ఆమె పెట్టుకున్న నగల్ని వారసులు పంచుకుంటే పతితులవుతారనీ ఉంది. అదే పుస్తకం ఇంకోచోట భార్యకి సొంత సొత్తే లేదంటుంది! మనువులాగే ధర్మశాస్త్రం చెప్పిన యాజ్ఞవల్క్యుడైతే డబ్బాకి చిల్లు పెట్టాడు. కరువొచ్చినా, జబ్బు చేసినా, ధర్మకార్యం పడినా, నిర్బంధంలో చిక్కుకున్నా మొగుడు ఆ సొత్తు తీసుకోవచ్చట, తిరిగి ఇవ్వక్కర్లేదట. ఆ చిల్లులోంచి ఎన్ని కాసులు జారిపోయాయో ఎవరు లెక్క పెట్టారు?

మా అమ్మ మెడలో కాసులపేరు ఉండేది. అవి ఇంగ్లండు సవరన్లు. 22 కేరెట్ల బంగారం, ఒక్కోటి 8 గ్రాములకి రవ్వంత తక్కువ. ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు గుర్రమెక్కి రాక్షసిపాముని చంపుతున్న వీరుడు. నాకు రాజుగారికన్నా గుర్రమే ఇష్టం. ప్రతి కాసుకీ పైన చిన్న కొక్కెం అతికించి ఎర్ర పట్టుతాడుకి గుచ్చేవారు. నన్ను హాస్టల్లో చేర్చడానికి నాన్న చేతిలో డబ్బు లేని ఏడు, అమ్మ వసారాలో చాప మీద కూర్చుని ముడి విప్పింది. రెండు కాసులు ఒళ్ళోకి జార్చి, ఖాళీ కనపడకుండా ఎర్రపూసలు గుచ్చి, మళ్ళీ ముడి వేసుకుంది. ఎవర్నీ అడగలేదు. నాన్న అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు గాని ఒక్క మాట అనలేదు. షరాబు గీటురాయి మీద గీసి చూసి, త్రాసులో రాళ్ళు వేసి, ఆఖర్న సరితూగడానికి గురివింద గింజలు వేశాడు. కింద పడ్డ గింజ ఒకటి నేను జేబులో వేసుకున్నాను. నా చదువు ఖరీదులో ఆ గింజెత్తు లెక్క తప్పిందేమో మరి!

పల్లవ రాణి సామవై పదో శతాబ్దంలో తిరుమల స్వామికి వెండి భోగశ్రీనివాసమూర్తిని, నగల్ని, భూమిని సమర్పించింది. తనదైతేనే కదా ఇవ్వగలిగేది. ఆవిడ పేరు శాసనంలో ఇప్పటికీ ఉంది. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు తర్వాత స్వాతంత్ర్య సమరయోధురాలిగా పేరు తెచ్చుకున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ మన చిన్నీ అంత పిల్ల. దేవదాసీలతో, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలతో ఆయన మాట్లాడాలని పట్టుబట్టింది. 5,000 రూపాయలు పోగుచేస్తే చూద్దాం అన్నారు పెద్దలు. పోగుచేసింది! గాంధీగారు వాళ్ళతో మాట్లాడిన సభలో ఆడవాళ్ళు గాజులు, గొలుసులు తీసి ఇచ్చేశారు. దుర్గాబాయి తన చేతి గాజులూ ఇచ్చింది.

నగలు ఆడవాళ్ళ స్వేచ్ఛకి గుర్తు అని ఈమధ్య గొప్పగా చెబుతుంటారు. కాదనను. కానీ పొలం ఇవ్వకుండా చేతిలో పెట్టిన చిల్లర కూడా అవే. కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి వచ్చింది. అయినా "పెళ్ళికి బంగారం పెట్టాంగా, ఇంకా పొలమెందుకు?" అనేవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. రేపు ఎవరైనా చిన్నీతో ఆ మాటంటే, బుజ్జిగా, ముందు అడ్డుపడాల్సింది నువ్వే.

ఈసారి మీ అమ్మ బ్యాంకు లాకరుకి వెళ్తుంటే ఇద్దరూ వెంటపడండి. ఏ నగ ఎవరు పెట్టారో, ఏది ఎన్నిసార్లు తాకట్టుకి వెళ్ళి తిరిగొచ్చిందో అడిగి నోట్‌బుక్కులో రాసుకోండి. కాసు కనపడితే గుర్రం వైపు తిప్పి, అడుగున సంవత్సరం ఏమని ఉందో చదివి నాకు ఫోన్ చెయ్యండి. మధ్యాహ్నం మాత్రం వద్దు, నిద్రపోతాను.

మీ తాతయ్య